ఆంగ్ల రసాయన నామాల పదచ్ఛేదం – ఉచ్చారణ: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆంగ్లంలోని దీర్ఘ రసాయన నామాలు స్వభావరీత్యా సమాసాలు. వాటిని ఎక్కడ విడదీయాలన్నది ఉచ్చారణ సౌలభ్యానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు, అర్థనిర్ణయానికి సంబంధించినది. 1787 నాటి నామకరణ సంస్కరణ మొదలుకొని నేటి ఔషధ నామాల వరకు ఈ విభజన సమస్య ఎలా తలెత్తిందో, శాస్త్రసంస్థలు దానిని ఏయే మార్గాల్లో పరిష్కరించడానికి ప్రయత్నించాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ నామాలు తెలుగు లిపిలోకి వచ్చినప్పుడు పదసంధులు కనుమరుగయ్యే తీరును, సంప్రదాయ వ్యాకరణంలోని పదచ్ఛేద, విగ్రహ పద్ధతులు బోధనకు ఉపకరించే తీరును చివరి భాగం చర్చిస్తుంది.

కీలకపదాలు: రసాయన నామకరణం, పదచ్ఛేదం, అక్షరవిభజన, సమాసం, విగ్రహవాక్యం, ఉచ్చారణ, లిప్యంతరీకరణ.

1. ఉపోద్ఘాతం

మూలకాల ఆవర్తన పట్టికను ఆంగ్లంలో ‘పీరియాడిక్ టేబుల్’ అంటారు. ఇందులోని మొదటి పదం ఏ వర్ణాలతో రాస్తారో, సరిగ్గా అవే వర్ణాలతో ఒక ఆమ్లం పేరు కూడా ఉంది. దానిని ‘పీరియాడిక్ యాసిడ్’ అని చదివితే ‘ఆవర్తన ఆమ్లం’ అనే నిరర్థక పదబంధం ఏర్పడుతుంది. నిజానికి అందులో ఉన్నవి ‘పర్’ అనే ఉపసర్గ, ‘అయోడిక్’ అనే విశేషణం. కాబట్టి అది ‘పర్-అయోడిక్ యాసిడ్’, అంటే అయోడిక్ ఆమ్లం కన్నా ఉన్నతమైన ఆక్సీకరణ స్థితిలో అయోడిన్‌ను కలిగిన ఆమ్లం. రాతలో ఏ భేదమూ లేదు. ఉన్న భేదమంతా విరుపులోనే ఉంది.

‘అయనీకరణం చెందని’ అనే అర్థంలో వాడే ‘అన్-అయొనైజ్డ్’ అన్న మాటదీ ఇదే పరిస్థితి. మధ్యలో అడ్డగీత లేకుండా అచ్చువేస్తే సామాన్య పాఠకుడు దానిని ‘యూనియనైజ్డ్’ అని, అంటే ‘కార్మికసంఘంగా ఏర్పడిన’ అనే అర్థంలో చదువుతాడు.

ఈ రెండు ఉదాహరణల్లోనూ పరస్పరం పోటీపడుతున్నవి రెండు రకాల విభజనలు. ఒకటి చెవికి సంబంధించిన అక్షరవిభజన. రెండవది అర్థానికి సంబంధించిన పదచ్ఛేదం. తెలుగు, సంస్కృత వ్యాకరణాలతో పరిచయమున్నవారికి ఈ భేదం కొత్తది కాదు. సంధిని విడదీసి, సమాసానికి విగ్రహవాక్యం చెప్పి, ఆపైన అన్వయానికి పూనుకోవడం మన పఠన సంప్రదాయం. ఆంగ్ల రసాయన నామాల చరిత్రను ఈ దృష్టితో చూసినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. నామకర్తలు ఈ పేర్లను పదచ్ఛేదం కోసం నిర్మించారు. వక్తలు వాటిని అక్షరవిభజనతో పలికారు. ఆ రెంటి మధ్య ఏర్పడిన అంతరాన్ని పూడ్చడానికి జరిగిన ప్రయత్నాలే ఈ చరిత్రలో ముఖ్యఘట్టాలు.

2. వర్ణన నుంచి విశ్లేషణకు: 1787 సంస్కరణ

పద్దెనిమిదవ శతాబ్దం చివరి వరకు ఐరోపాలో పదార్థాల పేర్లు రూపాన్నో, పుట్టిన చోటునో, తయారీ విధానాన్నో సూచించేవి. ‘విట్రియోల్ తైలం’, ‘యాంటిమొనీ వెన్న’, ‘జింకు పుష్పాలు’ వంటివి అప్పటి ఆంగ్ల వ్యవహారంలోని మాటల అర్థాలు. మన వ్యవహారంలోని మైలుతుత్తం, నవాసాగరం, సురేకారం, పటిక కూడా ఈ కోవకు చెందిన పేర్లే. ఇవి పలకడానికి సులువైనవి, గుర్తుపెట్టుకోవడానికి అనువైనవి. అయితే పదార్థంలో ఏమేమి ఉన్నాయో ఇవి చెప్పవు.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి గీటన్ ద మోర్వో 1782లో ఒక ప్రతిపాదన చేశాడు. 1787లో ఆయన, లవోజియే, బెర్తొలే, ఫుర్‌క్రువా కలిసి ఫ్రెంచిలో ‘రసాయన నామకరణ పద్ధతి’ అనే గ్రంథాన్ని వెలువరించారు. మరుసటి ఏడాదే జేమ్స్ సెయింట్ జాన్ దానిని ఆంగ్లంలోకి అనువదించాడు. పదార్థపు కూర్పును పేరు వెల్లడించాలన్నది ఈ గ్రంథంలోని మౌలిక సూత్రం. లవణాల పేర్లలో ‘-ఏట్’, ‘-ఐట్’ అనే ప్రత్యయాలు ఆక్సిజన్ పాలు ఎక్కువా తక్కువా అన్నది తెలిపే గుర్తులయ్యాయి. ఆ తరువాత ‘-ఐడ్’ కూడా ఈ వరుసలో స్థిరపడింది.

దీని పర్యవసానం భాషాపరంగా చాలా పెద్దది. సల్ఫైడ్, సల్ఫైట్, సల్ఫేట్ అనే మూడు మాటల్లో అర్థభేదమంతా చివరి ఒకటి రెండు ధ్వనుల మీద ఆధారపడి ఉంది. సాధారణ ఆంగ్ల సంభాషణలో పదాంతం బలహీనంగా పలుకుతుంది. నామకర్తలు అర్థభారాన్ని ఉంచింది మాత్రం అక్కడే. ఉచ్చారణ సమస్యకు బీజం ఇక్కడ పడింది.

3. కర్బన రసాయనం: పెరిగిన పొడవు, దాగిన అతుకు

అకర్బన లవణాల పేర్లు చాలావరకు రెండు మాటలతో ముగిసేవి. పొడవైన పేర్లు కర్బన రసాయనంతో వచ్చాయి. 1832లో లీబిగ్, వోలర్‌లు ‘బెంజాయిల్’ అనే అణుసమూహాన్ని ప్రతిపాదిస్తూ, గ్రీకులో కలప, మూలద్రవ్యం అనే అర్థాలున్న ‘హ్యూలే’ నుంచి ‘-యిల్’ ప్రత్యయాన్ని స్వీకరించారు. 1830ల మధ్యలో డ్యూమా, పెలిగో అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలప నుంచి లభించే ఆల్కహాలును పరిశోధిస్తూ గ్రీకులో మద్యానికి పేరైన ‘మెథ్యు’ను ‘హ్యూలే’తో చేర్చి ‘మెథిలీన్’ అనే మాటను కల్పించారు. నేటి ‘మిథైల్’ దాని నుంచి ఏర్పడింది.

ఈ పదానికి వ్యుత్పత్తిననుసరించి విరుపు ‘మెథ్ + యిల్’. బ్రిటిష్ ఉచ్చారణ ‘మీ-థైల్’లో థకారం రెండవ భాగంలోకి జారిపోతుంది. అమెరికన్ ఉచ్చారణ ‘మెథ్-ఇల్’లో అది మొదటి భాగంలోనే నిలుస్తుంది. తెలుగు పాఠ్యపుస్తకాలు బ్రిటిష్ సంప్రదాయాన్ని అనుసరించి ‘మిథైల్’ అని రాస్తాయి. ఒకే పదాన్ని రెండు దేశాలవారు రెండు చోట్ల విరిచి పలుకుతున్నప్పటికీ ఆంగ్ల లిపిలో రూపం ఒకటే కావడం వల్ల రాతలో గందరగోళం ఏర్పడలేదు.

1866లో హాఫ్‌మన్ హైడ్రోకార్బన్లకు ఒక క్రమబద్ధమైన పద్ధతిని సూచించాడు. ఆంగ్ల అచ్చుల వరుసను అనుసరించి ‘-ఏన్’, ‘-ఈన్’, ‘-ఐన్’ మొదలైన ప్రత్యయాలతో హైడ్రోజన్ క్రమంగా తగ్గడాన్ని తెలపడం ఆయన ఆలోచన. 1892లో చార్లెస్ ఫ్రీడెల్ అధ్యక్షతన జెనీవాలో జరిగిన సమావేశంలో తొమ్మిది దేశాలకు చెందిన 34 మంది రసాయనశాస్త్రవేత్తలు పాల్గొని, కర్బన సమ్మేళనాల నామకరణానికి తొలి అంతర్జాతీయ నియమాలను రూపొందించారు. ఈథేన్, ఈథీన్, ఈథైన్ అనే మూడు వేర్వేరు వాయువుల మధ్య నామభేదం ఒక్క అచ్చు మాత్రమే.

అయితే మూడవ ప్రత్యయానికి ఎంచుకున్న వర్ణక్రమం అప్పటికే వేరొక పనిలో ఉంది. మార్ఫీన్, క్వినీన్ వంటి క్షారస్వభావ పదార్థాల పేర్లూ, క్లోరిన్, అయోడిన్ వంటి మూలకాల పేర్లూ ఆంగ్లంలో అదే వర్ణక్రమంతో ముగుస్తాయి. పైగా ఆ వర్ణక్రమానికి స్థిరమైన ఉచ్చారణ లేదు. క్లోరిన్ విషయంలో ‘ఈన్’ అని, అయోడిన్ విషయంలో అమెరికాలో ‘ఐన్’ అని, బ్రిటన్‌లో ఎక్కువగా ‘ఈన్’ అని పలుకుతారు. 1930లో లియేజ్ నగరంలో ఆమోదం పొందిన నియమాలు త్రిబంధాన్ని సూచించే ప్రత్యయంలో ‘ఐ’ అక్షరానికి బదులు ‘వై’ అక్షరాన్ని ప్రవేశపెట్టి ఈ సంకరాన్ని తొలగించాయి. అయినా కొన్ని చిక్కులు మిగిలే ఉన్నాయి. ఫ్లోరిన్ అనే మూలకం, ఫ్లోరీన్ అనే హైడ్రోకార్బన్ ఆంగ్లంలో ఒక్క అక్షరం తేడాతో రాస్తారు. చాలామంది నోట రెండూ ఒకటిగానే వినిపిస్తాయి.

4. సమాస విగ్రహం: ‘ట్రైడెసిల్’ చూపిన సందిగ్ధత

దీర్ఘనామాల్లో ప్రధానపదం సాధారణంగా చివర ఉంటుంది. ‘డైక్లోరోడైఫినైల్‌ట్రైక్లోరోఈథేన్’ అన్న పేరులో ఈథేన్ ప్రధానం. మిగిలినవన్నీ దానికి విశేషణాలు. మన పరిభాషలో ఇది ఉత్తరపదార్థ ప్రధానమైన సమాసం. 1874లో జైడ్లర్ తొలిసారి తయారుచేసిన ఈ పదార్థానికి కీటకాలను చంపే గుణం ఉందని 1939లో పాల్ ముల్లర్ కనుగొన్నాడు. అందుకు 1948లో నోబెల్ బహుమతి పొందాడు. 31 ఆంగ్ల అక్షరాల ఆ పేరు లోకవ్యవహారంలో ‘డీడీటీ’గా కుదించుకుపోయింది. అతుకులు తెలిసిన పాఠకుడికి ఈ పేరు పలకడం కష్టం కాదు. డైక్లోరో, డైఫినైల్, ట్రైక్లోరో, ఈథేన్ అనే నాలుగు ముక్కలూ తమ తమ ఊనికను నిలుపుకొని వరుసగా వస్తాయి. అతుకులు తెలియనివారికి అది ముప్పై ఒక్క అక్షరాల గుట్ట.

విడదీసిన తరువాత కూడా విగ్రహం తేలని సందర్భాలు ఉన్నాయి. ‘ట్రైడెసిల్’ అన్న మాటలో ‘ట్రై’ అంటే మూడు, ‘డెక’ అంటే పది. దీనికి రెండు విగ్రహాలు సాధ్యం. మూడూ పదీ కలిసి పదమూడు కర్బన పరమాణువులున్న ఒక సమూహం అని ద్వంద్వంగా చెప్పవచ్చు. పదేసి కర్బన పరమాణువులున్న మూడు సమూహాలు అని సంఖ్యాపూర్వకమైన ద్విగువుగానూ చెప్పవచ్చు. సంస్కృతం ఈ భేదాన్ని రూపంలోనే చూపింది. పదమూడు ‘త్రయోదశ’. దేవతలకు పర్యాయపదమైన ‘త్రిదశులు’లో ‘త్రి’ని గుణకంగా గ్రహించి ‘మూడు పదులు’ అని కొందరు విగ్రహం చెప్పగా, ‘దశ’ను అవస్థ అనే అర్థంలో గ్రహించి ‘మూడవ దశలో, అంటే యౌవనంలో, నిత్యం ఉండేవారు’ అని మరికొందరు చెప్పారు. విగ్రహం మారితే అర్థం మారుతుందనడానికి ఇది మనకు చిరపరిచితమైన నిదర్శనం.

రసాయన నామకరణం ఈ సందిగ్ధతకు కనుగొన్న పరిష్కారం ‘బిస్’, ‘ట్రిస్’, ‘టెట్రాకిస్’ అనే ఆవృత్తివాచకాలు. ‘బిస్’ లాటిన్‌లో ‘రెండుసార్లు’, ‘ట్రిస్’ గ్రీకులో ‘మూడుసార్లు’ అనే అర్థాలున్న అవ్యయాలు. సంస్కృతంలోని ‘ద్విస్’, ‘త్రిస్’ వీటికి సోదరపదాలు. ‘ట్రైడెసిల్’ అంటే పదమూడు కర్బనాల సమూహం. ‘ట్రిస్‌డెసిల్’ అంటే పదేసి కర్బనాల సమూహాలు మూడు. డీడీటీ క్రమబద్ధ నామం ‘1,1,1-ట్రైక్లోరో-2,2-బిస్(4-క్లోరోఫినైల్)ఈథేన్’లో ‘బిస్’ చేస్తున్న పని ఇదే. దాని స్థానంలో ‘డై’ ఉంటే, రెండు క్లోరిన్లున్న ఒకే ఫినైల్ సమూహం అని పొరబడే అవకాశం ఉంది. రాతలో ఈ పని కుండలీకరణం కూడా చేయగలదు. కుండలీకరణానికి శబ్దం లేదు. ‘బిస్’ దానిని నోటితో పలకగలిగే రూపంలోకి మార్చింది.

పేరు ఎంత పొడవైనదన్నది అసలు సమస్య కాదని కూడా ఇక్కడ గుర్తించాలి. కండరాల్లో ఉండే టైటిన్ అనే ప్రోటీన్ పూర్తి పేరు రాస్తే లక్షా ఎనభై తొమ్మిది వేలకు పైగా అక్షరాలవుతుందని ప్రసిద్ధి. నిఘంటుకర్తలు దానిని పదంగా కాక సూత్రంగా పరిగణించి వదిలివేశారు. అంత పేరులోనూ మళ్లీ మళ్లీ వచ్చేవి ఇరవై అమైనో ఆమ్లాల పేర్లే. వాటిలో చివరిది తప్ప తక్కినవన్నీ ‘-యిల్’తో ముగుస్తాయి కనుక ప్రతి అతుకూ స్పష్టంగా కనిపిస్తుంది. పది అక్షరాల పేరైనా అతుకు దాగి ఉంటేనే చిక్కు.

5. ఉచ్చారణను శాసించే ప్రయత్నాలు

రాతను అంతర్జాతీయ సమావేశాలు క్రమబద్ధం చేస్తుండగా, ఉచ్చారణను క్రమబద్ధం చేయడానికి అమెరికాలో ప్రత్యేక కృషి జరిగింది. అమెరికన్ విజ్ఞానాభివృద్ధి సంఘం 1887లో రసాయన పదాల వర్ణక్రమాన్నీ ఉచ్చారణనూ ఏకరూపంలోకి తేవడానికి ఒక సంఘాన్ని నియమించింది. క్లోరైడ్, ఆక్సైడ్ వంటి పదాల చివరి మూగ ‘ఈ’ని తొలగించి ‘క్లోరిడ్’, ‘ఆక్సిడ్’ అని హ్రస్వంగా పలకాలని అది సిఫారసు చేసింది. ఈ మార్పు నిలిచి ఉంటే ‘-ఐడ్’, ‘-ఐట్’ల మధ్య చెవికి వినిపించే దూరం పెరిగేది. అది నిలవలేదు. సల్ఫర్‌ను ‘ఎఫ్’తో రాయడం, ‘అల్యూమినమ్’ అనే రూపాన్ని వాడడం మాత్రం అమెరికాలో స్థిరపడ్డాయి. అల్యూమినమ్‌ను అమెరికన్ కెమికల్ సొసైటీ 1925లో అధికారిక రూపంగా స్వీకరించింది. 1990లో అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ అల్యూమినియం విషయంలో బ్రిటిష్ వాడుకను, సల్ఫర్ విషయంలో అమెరికన్ వర్ణక్రమాన్ని ప్రమాణంగా తీసుకుంది.

1934లో అమెరికన్ కెమికల్ సొసైటీ నామకరణ సంఘం రసాయన పదాల ఉచ్చారణపై ఒక నివేదికను ప్రకటించింది. ఇటువంటి ప్రయత్నాలు వాడుకను కొంతవరకు నమోదు చేయగలిగాయే తప్ప పూర్తిగా శాసించలేకపోయాయి. వర్ణక్రమం ముద్రాపకుల చేతిలో ఉంటుంది. ఉచ్చారణ తరగతి గదుల్లో, ప్రయోగశాలల్లో గురుశిష్య పరంపరగా సాగుతుంది. అందువల్ల నియమం మొదటిదానిని మార్చినంత సులభంగా రెండవదానిని మార్చలేకపోయింది.

6. ముద్రణలో, గణనలో విభజన

పంక్తి చివర పదాన్ని విరవవలసి వచ్చినప్పుడు అమెరికన్ ముద్రణ సంప్రదాయం ప్రధానంగా ఉచ్చారణను, బ్రిటిష్ సంప్రదాయం ఎక్కువగా వ్యుత్పత్తిని అనుసరిస్తూ వచ్చాయి. సాధారణ పదాల్లో ఈ భేదం వల్ల పెద్ద నష్టం లేదు. రసాయన నామాన్ని అర్థభాగం మధ్యలో విరిస్తే మాత్రం పాఠకుడు దారి తప్పుతాడు. అందుకే అమెరికన్ కెమికల్ సొసైటీ శైలీమార్గదర్శి రసాయన నామాలను పంక్తి చివర ఎక్కడ విరవాలో ప్రత్యేకంగా చర్చించింది. 1983లో ఫ్రాంక్ లియాంగ్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతగ్రంథం కంప్యూటర్ ద్వారా పదవిభజనకు మార్గం చూపింది. అది అక్షరాల అమరికలను పోల్చే పద్ధతి; అర్థాన్ని గ్రహించే పద్ధతి కాదు.

అర్థం వైపు నుంచి ఈ సమస్యను ఎదుర్కొన్న కృషి అంతకుముందే, భాషాశాస్త్ర విభాగంలో జరగడం విశేషం. యూజీన్ గార్‌ఫీల్డ్ 1961లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి పొందిన డాక్టరేటు నిర్మాణాత్మక భాషాశాస్త్రానికి చెందినది. రసాయన నామాన్ని పదాంశాలుగా విడదీసి, ప్రతి పదాంశానికీ విలువ కట్టి, దాని నుంచి అణుఫార్ములాను రాబట్టే విధానాన్ని ఆయన రూపొందించాడు. రసాయన నామం ఒక చిన్న వ్యాకరణమున్న భాష అని, సరైన పదచ్ఛేదం చేస్తే పదార్థమే తెలుస్తుందని ఈ పరిశోధన నిరూపించింది.

7. కుదింపు నామాలు: పోయిన అతుకులు

క్రమబద్ధ నామం వైద్యుడి చీటీలో ఇమడదు. అందుకే ఔషధాలకు కుదింపు పేర్లు వచ్చాయి. జ్వరానికి వాడే ఒక సుపరిచిత ఔషధం రసాయన నామం ‘పారా-ఎసిటైల్‌అమైనోఫినాల్’. దీని నుంచి కొన్ని ముక్కలు ఏరి ‘పార్-ఎసిట్-అమ్-ఆల్’ అని కూర్చితే ‘పారాసిటమాల్’ అయింది. అదే నామం నుంచి వేరే ముక్కలు ఏరి ‘ఎసిట్-అమైనో-ఫెన్’ అని కూర్చితే అమెరికాలో వాడే ‘ఎసిటమైనోఫెన్’ అయింది. ‘టైలెనాల్’ అనే వ్యాపారనామం కూడా ‘ఎసిటైల్’ చివరి భాగాన్ని ‘అమైనోఫినాల్’ చివరి భాగంతో అతికించగా ఏర్పడినదే.

ఒకే సమాసాన్ని మూడు రకాలుగా కోస్తే మూడు పేర్లు వచ్చాయి. ఈ మూడింటిలో ఏ రెండూ చెవికి ఒకటిగా వినిపించవు. తెలుగునాట పారాసిటమాల్ అలవాటైన వ్యక్తి అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లినప్పుడు, తనవెంట తెచ్చుకున్న మాత్రా అక్కడ ఇచ్చిన ఎసిటమైనోఫెన్ మాత్రా ఒకటేనని పేరును బట్టి గ్రహించలేడు. రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. మోతాదు మించితే కాలేయానికి హాని. నామం అర్థాన్ని కోల్పోయినప్పుడు కలిగే నష్టం ఇటువంటిది.

దీనికి విరుద్ధమైన సమస్య, వేర్వేరు ఔషధాల పేర్లు ఒకేలా ఉండడం. రక్తపోటుకు వాడే హైడ్రలజిన్, అలర్జీకి వాడే హైడ్రాక్సిజిన్ ఆద్యంతాల్లో సమానం. ఇటువంటి జంటల్లో భిన్నంగా ఉన్న మధ్యభాగాన్ని పెద్ద అక్షరాలతో ముద్రించే పద్ధతిని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2001 నుంచి ప్రోత్సహిస్తున్నది. ఇది ముద్రణ రూపంలో చేసిన పదచ్ఛేదమే.

8. తెలుగు లిపిలో రసాయన నామం

1961లో ఏర్పడిన కేంద్ర శాస్త్రసాంకేతిక పదజాల సంఘం మూలకాల, సమ్మేళనాల అంతర్జాతీయ నామాలను భారతీయ భాషల్లో యథాతథంగా లిప్యంతరీకరించాలనే సూత్రాన్ని స్వీకరించింది. తెలుగు పాఠ్యపుస్తకాలు ఈ దారిలోనే నడుస్తున్నాయి. ఫలితంగా ఆంగ్ల నామాల ఉచ్చారణ సమస్య తెలుగులో లిపి సమస్యగా రూపాంతరం చెందింది.

ఇందులో లాభం ఉంది. ఈథేన్, ఈథీన్, ఈథైన్ అని రాసినప్పుడు థకారం మీది ఏత్వం, దీర్ఘమైన గుడి, ఐత్వం హాఫ్‌మన్ ఉద్దేశించిన అచ్చుల భేదాన్ని ఆంగ్ల వర్ణక్రమం కన్నా నిక్కచ్చిగా చూపుతాయి. ఫ్లోరిన్, ఫ్లోరీన్‌ల మధ్య హ్రస్వదీర్ఘ భేదం పాటిస్తే అక్కడి గందరగోళం ఇక్కడ ఉండదు.

నష్టం కూడా ఉంది. ఆంగ్లంలో ‘ఈథేన్’, ‘ఇథనాల్’ అనే మాటలు ఒకే మూడు అక్షరాలతో మొదలవుతాయి. ఉచ్చారణ మారినా మూలాంశం కంటికి కనిపిస్తుంది. తెలుగు లిపి ధ్వనిని అనుసరించడం వల్ల ఒకటి ‘ఈ’తో, మరొకటి ‘ఇ’తో మొదలై, వర్ణక్రమ సూచికలో సైతం వేర్వేరు చోట్లకు చేరతాయి. అంతకన్నా ముఖ్యమైనది అక్షర నిర్మాణం. ‘ఇథనాల్’లోని అర్థభాగాలు ‘ఇథ్ + అన్ + ఆల్’: రెండు కర్బనాలు, ఏకబంధం, ఆల్కహాల్ సమూహం. రాతలోని అక్షరాలు ‘ఇ-థ-నా-ల్’. మొదటి అతుకు ‘థ’ లోపల, రెండవ అతుకు ‘నా’ లోపల ఉన్నాయి. ముందరి భాగపు హల్లు తరువాతి భాగపు అచ్చుతో కలిసి ఒకే అక్షరమైపోయింది. సంధి జరిగిన చోటును తెలుగు లిపి చూపలేదు. ‘పారాసిటమాల్’లోనూ ‘పార్ + ఎసిట్ + అమ్ + ఆల్’ ఇలాగే అదృశ్యమైంది. ‘మిథనాల్’, ‘ఇథనాల్’లకు వినికిడిలో తేడా ఒక్క మకారమే. మొదటిది కొద్దిపాటిగా తాగినా కంటిచూపును, ప్రాణాన్ని తీయగల విషం.

కావున తెలుగు మాధ్యమంలో రసాయన నామాన్ని మొదటిసారి పరిచయం చేసేటప్పుడు, పద్యానికి చేసినట్లే పదచ్ఛేదం చేసి చూపడం అవసరం. ‘మిథ్ + అన్ + ఆల్’ అని విడదీసి, ‘ఒక కర్బనం, ఏకబంధం, ఆల్కహాల్’ అని విగ్రహం చెప్పి, తరువాత సంధి కలిపి పలికిస్తే విద్యార్థి పేరును బట్టీ పట్టనవసరం లేదు. పాఠ్యపుస్తక రచయితలు, పారిభాషిక నిఘంటుకర్తలు ఈ విరుపులను అడ్డగీతలతో నమోదు చేయడం సాధ్యమైన పని.

9. ఉపసంహారం

రెండు శతాబ్దాలకు పైబడిన ఈ చరిత్రలో ‘వై’ అక్షరంతో వచ్చిన కొత్త ప్రత్యయం, ‘బిస్’ వంటి ఆవృత్తివాచకాలు, అడ్డగీతలు, పెద్ద అక్షరాలు ఒకే అవసరం నుంచి పుట్టాయి. వినికిడి చెరిపివేసిన అతుకులను తిరిగి కనబరచడమే ఆ అవసరం. ఉచ్చారణను శాసించబూనిన నివేదికల ప్రభావం పరిమితంగా మిగలగా, అర్థభాగాలను స్పష్టం చేసిన సంస్కరణలు ఎక్కువగా నిలిచాయి. దీర్ఘ రసాయన నామాన్ని సరిగా పలకడం సరిగా విడదీయడం వల్ల సిద్ధించే ఫలితం. సమాసాన్ని విడదీసి అన్వయించే సుదీర్ఘ సంప్రదాయమున్న తెలుగుకు ఈ విషయంలో పరికరాల కొరత లేదు. వాటిని భాషాబోధన తరగతి నుంచి విజ్ఞానశాస్త్ర తరగతికి చేర్చడం భాషాధ్యాపకులూ, శాస్త్రాధ్యాపకులూ కలిసి చేయవలసిన పని.